తెలియమికి కొలత

ఎఱుగనిదానిని ఎఱుగుదునని చెప్పుట అబద్ధమని బాలుడైనను ఒప్పుకొనును. కాని కొంత ఎఱిగి, కొంత ఎఱుగక, అంతయు ఎఱిగినట్లు నిబ్బరముగ చెప్పువాడు అబద్ధికుడగునా, కాడా? అతడు మోసగింపవలెనని తలంపలేదు. తాను చెప్పునది నిజమనియే నమ్మియున్నాడు. అతని మాట విని మఱియొకడు చెడిపోయినచో ఆ దోషములో అతనికి పాలు కలదా? ఈ ప్రశ్న చూపునకు చిన్నది. విచారించినకొలది మన యింటిలోనికి వచ్చి మనయెదుట కూర్చుండునది.

హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు అను పేట యున్నది. ఉద్యోగపరీక్షలకును ప్రవేశపరీక్షలకును తర్ఫీదునిచ్చు శిక్షణశాలలకు ఆ పేట పెట్టినది పేరు. ఉదయమున ఆ వీథుల నడచినచో, జిల్లాలనుండి వచ్చి హాస్టళ్లలో తలదాచుకొని చదువుకొను యువతీయువకులు పుస్తకపు సంచులతో గుంపులుగ కనబడుదురు. పొలమమ్మియో, నగలు కుదువబెట్టియో బిడ్డలను పంపిన తలిదండ్రులు వారి వెనుక నెందఱో కలరు. అక్కడ నేర్పు విద్య యొక్క మర్మము ఒక్కటియే: ప్రశ్నకు నాలుగు జవాబులు, అందు ఒకటి ఒప్పు, దాని కెదురుగనున్న గుండ్రని గడిని సిరాతో నింపవలెను. ‘ఇది నాకు సగము తెలియును’ అని వ్రాయుటకు ఆ కాగితముమీద చోటు లేదు. లక్షలమంది కాగితములను దిద్దవలసినవారికి ఆ పద్ధతి తగియుండవచ్చును. దానిని నేను నిందింపను. కాని ఆ గడిని నింపుటయే జ్ఞానమని నమ్మి యౌవనమంతయు గడపినవాడు, రేపు వైద్యుడై, ఇంజనీరై, అధికారియై ఎదుటివానితో మాటలాడునపుడు తన తెలియమిని ఏ గడిలో చూపును?

దీనికి జవాబు ఆ పేట చుట్టుపట్లనే, మూడు విద్యలయందు నాకు దొరకినది. దిల్‌సుఖ్‌నగరు ప్రక్కనే, మూసారాంబాగు చేరువ ఆస్మాన్‌గఢ్ మిట్టమీద, రేమండు అను ఫ్రెంచి సేనాని సమాధి యున్నది. కొంత దూరమున, ఎల్.బి.నగరునకు సమీపముననున్న బండ్లగూడలో, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారి శిక్షణాలయమున్నది. నేల లోపలి ఖనిజమును అంచనా కట్టు విద్య నేర్చువా రచ్చటికి వత్తురు. ఎల్.బి.నగరు కూడలికడ చీలిన సాగరు రోడ్డున ఇబ్రహీంపట్నము మీదుగ పోయినచో, జపాల్, రంగాపురము గ్రామములకడ, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిన ఖగోళ వేధశాల కనబడును. చనిపోయినవాడు మరలివచ్చి చెప్పడు; భూమి తన గర్భమును విప్పి చూపదు; నక్షత్రము చేతికందదు. సమాధులను చదువు విద్య, ఖనిజముల నెంచు విద్య, నక్షత్రములను కొలుచు విద్య—మూడును చూడరానిదానిని గూర్చి చెప్పు విద్యలే. అందుచేతనే ‘ఇంత తెలియును, ఇంత తెలియదు’ అను మర్యాద ఈ మూటియందును పుట్టినది.

మొదట ఆకాశమును చూతము. 1901లో నవాబు జాఫర్ జంగు హైదరాబాదు చెంత ఫిసల్‌బండలో తన స్వంత ధనముతో వేధశాల నెలకొల్పెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను; పిదప అది నిజామియా వేధశాలయను పేర బేగంపేటలో పనిచేసెను. 1887లో పారిసు నగరమున కూడిన ఖగోళజ్ఞులు, ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగ తీసి నక్షత్రముల పట్టిక వ్రాయవలెనని తీర్మానించి, ఆ పనిని పలుదేశముల వేధశాలలకు పంచియుండిరి. అందు దక్షిణఖగోళమున 17 మొదలు 23 అంశలవఱకు గల భాగము హైదరాబాదు పాలికి వచ్చెను. పోకాకు దొరయు, ఆయన తరువాత టి.పి. భాస్కరనుగారును అధ్యక్షులుగ నుండగా, ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రములు కొలువబడి 12 సంపుటములుగ వెలువడినవి. రోములోని వాటికన్ వేధశాల భాగమును నలుగురు సన్న్యాసినులు సూక్ష్మదర్శినులయొద్ద కూర్చుండి, పదియేండ్లకు పైగ శ్రమించి కొలిచిరి. వారు కొలిచినవి నాలుగు లక్షల ఎనుబదివేలకు మించినవి.

ఆ పనికి ఆనాడు కనబడు ఫలము లేదు. ఆ సంపుటములు చిరకాలము అలమారలలోనే యుండెను. 1989లో ఐరోపావారు హిప్పార్కసు అను ఉపగ్రహమును పంపి నక్షత్రస్థానములను క్రొత్తగ కొలిపించిరి. క్రొత్త కొలతను పాత కొలతలతో పోల్చి, నడుమ ఒక్కొక్క నక్షత్రము ఎంత జరిగినదో లెక్కించి, 25 లక్షల నక్షత్రముల పట్టికను 2000లో ప్రకటించిరి. డెబ్బదియెనుబదియేండ్ల నాటి కొలతలు అప్పటి కెట్లు పనికివచ్చినవి? అవి తప్పులేని వగుటచేత గాదు. తప్పులేని కొలత లోకమున లేదు. ఏ పలకమీద, ఏ దినమున, ఏ రీతిని కొలిచిరో దాచక వ్రాసియుంచుటచేత, ఆ తప్పు ఎంతవఱకుండునో తరువాతివారు తేల్చుకొనగలిగిరి. తన తప్పునకు హద్దు చూపిన కొలత నూఱేండ్లకైనను అక్కఱకు వచ్చును. హద్దు చెప్పని కొలత మఱునాటికే అనుమానాస్పదమగును.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము జపాల్–రంగాపురము మీదుగ పోయినది. మన యిండ్లలో పెక్కింట ఆనాడు తలుపులు మూసికొని కూర్చుంటిమి. శాస్త్రజ్ఞులు వేధశాలకడ చేరి, తెఱచిన కన్నులతో చూచిరి. గ్రహణము పట్టు సమయమును సెకండ్లతో ముందుగ చెప్పగలిగినవారినే, ‘సూర్యబింబముకంటె దాని చుట్టునున్న కాంతికిరీటము అంత అధికమైన వేడిమి కలదై యేల యున్నది?’ అని యడిగినచో, ‘ఇంకను నిశ్చయముగ తేలలేదు’ అందురు. ఒకే నోట నిశ్చయము, అనిశ్చయము. ఇది వారికి కొఱత గాదు. ‘తేలలేదు’ అను మాట చెప్పగలవాడు గనుకనే, అతడు ‘ఈ నిమిషమున’ అన్నపుడు మనము నమ్మవచ్చును.

ఇక మృతులను చూతము. ఆస్మాన్‌గఢ్ మిట్టమీద శయనించియున్న రేమండు 1755లో ఫ్రాన్సున పుట్టి, నిజాము కొలువున సేనాధిపతియై, 1798 మార్చి 25న మరణించెను. విషముచే చనిపోయెనని కొందఱును, ఆత్మహత్య చేసికొనెనని కొందఱును చెప్పుకొనిరి, రుజువు లేదు. సమాధికడ నల్లరాతి స్తంభమొకటి, దానిపై జె.ఆర్. అను పొడియక్షరములు. ఆయనను హిందువులు మూసారామనియు, ముసల్మానులు మూసారహీమనియు పిలిచికొనిరి; పేట పేరు అట్లు నిలిచినది. రెండక్షరముల రాయిని చూచి తనకు వలసిన మనుష్యుని ఊహించుకొనుట ఎంత సులభము! ప్రేమచేత ఊహించిన పేరు అందమైనదే. కాని ప్రేమ వేఱు, ఎఱుక వేఱు.

అట్టి స్తంభపు మాదిరి ఐగుప్తు దేశమునది. దానిని మోజుపడి తెప్పించి తన వీథులలో నిలుపుకొన్నది రోము నగరము. సమాధుల చదువునకును రోము గొప్ప బడి. రోమక సామ్రాజ్యపు సమాధిశిలలు వేలకొలది దొరకినవి. మృతుని పేరు, శిల నిలిపిన బంధువు పేరు, బ్రతికిన యేండ్లు, కొన్నింట నెలలు దినములు సైతము వానిపై చెక్కియుండును. పూర్వపు పండితులు కొందఱు ఆ యేండ్లను కూడి, సగటు తీసి, రోమకుల ఆయుర్దాయ మింతయని చెప్పిరి. 1966లో కీత్ హాప్కిన్సు అను చరిత్రకారుడు ఆ లెక్క నిలువదని చూపెను. ఎవరికి శిల నిలిపిరి, ఎవరికి నిలుపలేదు అనునది ముందు తేలవలెనుగదా! చంటిబిడ్డలకు శిలలు అరుదు. పడుచుదనమున పోయిన భార్యకు బ్రతికియున్న భర్త శిల నిలుపును. ముదిమి వచ్చి అందఱి వెనుక పోయిన అవ్వకు నిలుపువా రుండరు. వయస్సులో, ఇరువది, ఇరువదియైదు, ముప్పది యని అయిదుల లెక్కన కుప్పలు పడియున్నవి. సరియైన వయస్సు తెలియక ఉజ్జాయింపుగ చెక్కించిరన్నమాట. రాయి అబద్ధమాడదందురు. రాతిని చెక్కించినవాడు మనుష్యుడే కదా!

రోము రేవునకు సమీపమున ఐసోలా సాక్రా అను శ్మశానము త్రవ్వబడినది. అందు స్క్రిబోనియా ఆటికె అను మంత్రసాని సమాధి యున్నది. కాన్పుచేయుచున్న దృశ్యము కాల్చిన మట్టిపలకపై అచ్చట మలచబడియున్నది. అట్టి గోరీల సందులలోనే పేదల యెముకలు, సరకులు తెచ్చిన మట్టిజాడీల క్రింద కప్పబడియున్నవి. వారికి పేరులు లేవు. మంత్రసానిని గూర్చి చెప్పినంత ధైర్యముగ పరిశోధకుడు వీరిని గూర్చి చెప్పడు. అయినను వారుండిరని వ్రాయును. తాను చదివిన శిలలు అందఱి కథ గావని యొప్పుకొనును. ఈ యొప్పుకోలే పేరులేనివానికి చరిత్ర ఇయ్యగల గౌరవము. మన మౌలాలి కడను, తెలంగాణమున మఱి పెక్కుచోట్లను, పెనుబండలతో కట్టిన ప్రాచీన సమాధులు కలవు. మన పెద్దలు వానిని రాకాసిగూళ్లనిరి. త్రవ్వి చూచినవారికి కుండలు, ఇనుప పనిముట్లు, మనుష్యుల యెముకలు దొరకినవి. ‘రాకాసులు’ అనుట తెలియమిని కథతో కప్పుట, ‘ఇనుము నెఱిగిన మనుష్యులు, వారేమి మాటలాడిరో తెలియదు’ అనుట తెలియమికి హద్దు గీయుట.

మృతుని గూర్చి తప్పు చెప్పినచో మృతునకు నష్టము లేదు. నక్షత్రమును గూర్చి తప్పు చెప్పినచో నక్షత్రము త్రోవ తప్పదు. నేల క్రిందిదానిని గూర్చి తప్పు చెప్పినచో మాత్రము బ్రతికియున్నవాని సంచి ఖాళీయగును. కావున ఈ మూడవ విద్యయందు మన ప్రశ్న తీక్ష్ణమగుచున్నది.

1871లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టరు కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఆ బొగ్గు నిజము. సింగరేణి గనులు నేటికిని అందుకు సాక్షి. కాని 1886లో నిజాము రాజ్యపు ఖనిజములపై హక్కు సంపాదించి లండనులో స్థాపించిన కంపెనీ వాటాల వ్యవహారము అపకీర్తి పాలయ్యెను; దానిని విచారించుటకు 1888లో బ్రిటిషు కామన్సు సభ ఒక సంఘమును నియమింపవలసివచ్చెను. నేలలోనున్న బొగ్గు ఒకటి, దానిపేర పట్టణమున అమ్ముడుపోవు ఆశ మఱియొకటి. ఆ రెంటి నడుమనున్న దూరమును కొనువానికి చెప్పువాడు లేకపోయినచో, నిజమైన గనిమీద సైతము అన్యాయము జరుగవచ్చును.

ఇంకను ఘోరమైన కథ ఇటీవలిది. బోర్నియో ద్వీపమున బుసాంగు అనుచోట బ్రి-ఎక్స్ అను కెనడా కంపెనీ రెండువేల టన్నులకు మించిన బంగారమున్నదని ప్రకటించెను. నేలనుండి తీసిన రాతి నమూనాల పొడిలో బంగారపు రజను కలిపిరని 1997లో బయటపడెను. ముదిమికై దాచుకొన్న సొమ్మును అందు పెట్టినవారి గతి యేమని చెప్పుదును! అది తెలిసి చేసిన మోసము. కాని ఖనిజవిద్యావంతులు దానిని మోసమని వదలివేయక, తమ మాటతీరునే కట్టుదిట్టము చేసికొనిరి. ఆస్ట్రేలియాలో 1989 నుండియే ఒక నియమావళి యుండెను. కెనడాలో 2001లో చట్టబద్ధమైనది వచ్చెను. వాని సారమిది: నేలలో ఇంత ఖనిజమున్నదని ఊరక చెప్పరాదు. దగ్గరదగ్గరగ రంధ్రములు వేసి కొలిచినది ఎంత? కొన్ని గుర్తులను బట్టి నమ్మదగినది ఎంత? ఊహించినది ఎంత? మూటిని మూడుగ వేఱుచేసి చెప్పవలెను, కలిపివేయరాదు, చెప్పినవాడు తన పేరు పెట్టి పూచీ పడవలెను. దక్షిణాఫ్రికా బంగారు గనులలో పనిచేసిన డాని క్రీగు అను ఇంజనీరు 1951లో ప్రకటించిన పరిశోధన మూలముగ పెరిగిన గణితము ఒకటి కలదు. రెండు రంధ్రముల నడుమ చూడని రాతిలో ఎంత లోహముండునో అది చెప్పును. ఆ చెప్పినది ఎంతవఱకు తప్పవచ్చునో అదియు ప్రక్కనే చెప్పును. రంధ్రములకు దూరమైనకొలది ఆ రెండవ అంకె పెరుగుచుండును. ఈ రెండవ అంకెయే నా దృష్టికి ఆ విద్య యొక్క ధర్మము.

ఇప్పుడు మా కుటుంబపు సంగతి ఒకటి చెప్పుదును. నల్లగొండ జిల్లాలో మా పినతండ్రికి అయిదెకరముల మెట్ట యుండెను. అది రాతినేల; అట్టి నేలలో నీరు పైనున్న మెత్తని పొరలోను, దాని క్రింది బండల పగుళ్లలోను మాత్రమే దొరకును; పగులు తగిలిన జల, తగులకున్న దుమ్ము. మొదట నీళ్లు చూచువాడొకడు వచ్చి, అరచేత కొబ్బరికాయ లేచి నిలిచినచోట గీత గీసి, ‘మూడువందల అడుగులలో పడకున్న నా చేయి నఱకుడు’ అనెను. బోరు దుమ్ము లేపినది. రెండవ దానికి మఱియొకడు వేపపుల్లతో వచ్చెను. మూడవదానికి, నాలుగవదానికి మా బంధువులలో చదువుకొన్నవారు నవ్వి, యంత్రముతో చూచువానిని పిలిపించిరి. అతడు తీగలు పఱచి, కాగితముమీద అంకెలు వేసి, అంతే నిబ్బరముగ ‘ఇక్కడ తప్పదు’ అనెను. మూడవదానిలో రెండు నెలలు సన్నని ధార వచ్చి ఎండినది, నాలుగవది దుమ్మే. రెండెకరములు పోయెను, మిగిలినది కౌలుకిచ్చి పినతండ్రి ఎల్.బి.నగరు చేరి, అపార్టుమెంటుకడ కాపలా పనికి కుదిరెను.

వారిని తిట్టబోయిన నన్ను ఆయన వారించెను. “వాళ్లు అబద్ధమాడలేదు బిడ్డా. నమ్మే చెప్పిండ్రు. పడకపోవచ్చు అని ఒక్క మాట అన్నా, రెండో బోరుతోనే ఆపుతుంటిని” అనెను.

నేను ఈ వ్యాసము మొదట వేసిన ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే యున్నది. చెప్పినవాడు నమ్మియే చెప్పెను. కాని తన నమ్మకపు బలమెంతయో చెప్పలేదు. ఆ కొఱతకు వెల కట్టినవాడు వేఱొకడు. కొబ్బరికాయకును యంత్రమునకును భేదము లేదని నేననను. రాతిలో విద్యుత్తు ఎట్లు ప్రవహించునో చూచు పద్ధతి శాస్త్రసమ్మతమైనది. పగుళ్ల జాడను కొంతవఱకు పట్టగలదు. కాని ఆ యంత్రము ఇచ్చునది ‘బహుశః’ అను మాట. దానిని ‘తప్పదు’ అని మార్చి రైతు చేతిలో పెట్టినవాడు శాస్త్రమును కొబ్బరికాయగ మార్చెను. మూఢవిశ్వాసము పూజగదిలోనే యుండునని మనము తలంతుము. అది అంకెలు వేసిన కాగితములోను కాపురముండగలదు.

కొందఱు ఆక్షేపింతురు: ‘ప్రతిమాటకు సందేహము జోడించినచో లోకవ్యవహారము సాగునా? రోగికి ధైర్యము చెప్పవలదా? రైతు విత్తవలదా?’ నిజమే, నిశ్చయము లేకుండ సైతము మనుష్యుడు పని చేయవలెను. కాని కొలత చెప్పిన సందేహము పనికి అడ్డు రాదు. పని యొక్క హద్దును చూపును. ‘ఇట్టి నేలలో పది బోర్లు వేసిన నాలుగింట నీరు పడవచ్చును’ అని ఒకడు చెప్పెననుకొందము. రైతు బోరు మానడు. అప్పు ఎంతవఱకు తేవచ్చునో, పొలమును ఎంతవఱకు ఒడ్డవచ్చునో తానే నిర్ణయించుకొనును. నిర్ణయము అతనిది, నష్టమును అతనిదే. నష్టము అతనికి వదలి, నిర్ణయమును మాత్రము మనము లాగికొనుట న్యాయమా? రోగి విషయమునను అంతే. ధైర్యము చెప్పుట వేఱు, లేని నిశ్చయమును చెప్పుట వేఱు. ‘నేను తోడుగ నుందును’ అనుటకు సందేహముతో పనిలేదు.

మఱియొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. ‘తెలియదనువానియొద్దకు ఎవ్వడు పోవును? జనులకు నిశ్చయమే కావలెను.’ ఇది సత్యము. ఈ దోషము మనది. వైద్యుడు ‘చూడవలెను’ అన్నచో మఱియొక వైద్యుని వెదకుదుము. ఉపాధ్యాయుడు ‘రేపు చదివి చెప్పెదను’ అన్నచో అతనికి చదువు రాదందుము. ఇంటిలో బిడ్డ ‘తెలియదు’ అన్నచో నలుగురిలో తల వంచుకొందుము. తోచినది గట్టిగ చెప్పినచో చురుకైనవాడందుము. నిబ్బరమును కొనువారుండగా దానిని అమ్మువారు లేకపోదురా? బ్రి-ఎక్సు కథలో మోసగించినవారు కొందఱు. మోసపోవుటకు తొందరపడినవారు వేలమంది.

మా పినతండ్రి కుమారుడు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగరులో పరీక్షకు చదువుచున్నాడు. మొన్న వాని గదికి పోయినపుడు పాత ప్రశ్నపత్రము నొకటి చూపి, “అన్నా, దీనికి జవాబు రెండో నాలుగో తేలుతలేదు. తప్పైతే మార్కు పోతది. వదిలేసిన” అనెను. పరీక్షలో అది లెక్కచూచుకొని చేసిన పని. బ్రతుకులో అదియే శీలము కావచ్చునని నాకు తోచెను. గడిని ఖాళీగ వదలుటకు సిగ్గుపడకుమని చెప్పి వచ్చితిని. వాడు రేపు ఏ కుర్చీలో కూర్చుండునో తెలియదు. ఆ కుర్చీ యెదుట వాని తండ్రివంటివాడొకడు నిలుచునని మాత్రము తెలియును. అతడు ‘నీళ్లు పడతాయా, అయ్యా?’ అని యడుగును. ఆనాడు మావాడు తెలిసినది తెలిసినంత, తెలియనిది తెలియనంత వేఱుచేసి చెప్పగలిగినచో, వాడు పరీక్షలో నెగ్గినను నెగ్గకున్నను, ఆ రెండెకరములు ఊరక పోలేదని మేమనుకొందుము.